బోర్డు గేములు ఆడుకుందాం రమ్మన్నారు, వెళ్ళాలా?

చదువుకో ఉద్యోగానికో కొత్తగా విదేశానికి వచ్చినవారు వీసా, అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా గురించిన సందేహాలన్నీ తీరాక, కొంచెం మొహమాటపడుతూ నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "తోటి ఉద్యోగులు శనివారం సాయంత్రం బోర్డు గేములు ఆడుకుందాం రమ్మన్నారు. నాకు చదరంగం, క్యారమ్స్ తప్ప మరేవీ తెలియవు. నా వల్ల అందరి ఆటా పాడవుతుందేమో, ఏదో ఒకటి చెప్పి మానెయ్యమంటారా?"

మానవద్దు, తప్పకుండా వెళ్ళండి. కొత్త దేశంలో మనుషులు దగ్గర కావడానికి ఉన్న దారుల్లో దీన్నే నేను అన్నిటికన్నా ముందు చెబుతాను. పార్టీలలో నిలబడి మాట్లాడుకునేటప్పుడు మాటల కోసం వెతుక్కోవలసి వస్తుంది; వాళ్ళు చిన్నప్పుడు చూసిన టీవీ కార్యక్రమాలు, అభిమానించే జట్లు, స్థానిక రాజకీయాలు మనకు తెలియవు కనుక కాసేపటికి నవ్వి ఊరుకోవడమే మిగులుతుంది. ఆట బల్ల దగ్గర ఆ ఇబ్బంది లేదు. మాట్లాడుకోవలసిన విషయం అందరి కళ్ళముందూ పరచి ఉంటుంది, ఎవరి వంతు వచ్చినప్పుడు వారు మాట్లాడి తీరాలి, ఎంత నెమ్మదస్తుడైనా ఒక గంట గడిచేసరికి ఇంకొకరితో బేరమాడుతూ కనిపిస్తాడు.

ఈ ఆటల సంగతి ముందుగా కొంత తెలుసుకుని వెళ్తే బెరుకు సగం తగ్గుతుంది. వైకుంఠపాళిలో పాచిక ఎటు తీసుకెళ్తే అటు వెళ్ళడమే తప్ప మన నిర్ణయమంటూ ఏమీ ఉండదు. చదరంగంలో అదృష్టానికి చోటు లేదు కాబట్టి బాగా ఆడేవాడి చేతిలో కొత్తవాడు ప్రతిసారీ ఓడిపోతాడు. మీ స్నేహితులు పిలిచే ఆటలు చాలావరకు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి: అదృష్టం కొంత, ఆలోచన ఎక్కువ. ఆట మధ్యలో ఎవరినీ బయటికి పంపకపోవడం, చివరిదాకా అందరికీ ఏదో ఒక ఆశ మిగిలి ఉండడం వీటిలో చాలా ఆటల లక్షణం. జర్మనీలో 1979 నుంచి ఏటా ఒక ఆటకు 'స్పీల్ డెస్ యారెస్' అనే పురస్కారం ఇస్తున్నారు. కటాన్‌కు 1995లో, కార్కసోన్‌కు 2001లో, టికెట్ టు రైడ్‌కు 2004లో, అజూల్‌కు 2018లో అది దక్కింది. పెట్టె మీద ఆ పురస్కారానికి గుర్తయిన ఎర్రని పావు బొమ్మ కనిపిస్తే, నియమాలు కొత్తవారు కూడా ఒక్క పూటలో నేర్చుకోగలిగినవేనని ధైర్యంగా కూర్చోవచ్చు.

ఏ ఆట ఆడబోతున్నారో ముందే అడగండి. అలా అడగడం తప్పు కాదు, పైగా పిలిచినవారికి సంతోషం కలుగుతుంది. చాలా ఆటల నియమాల పుస్తకాన్ని ప్రచురణకర్తలు తమ వెబ్‌సైటులో ఉచితంగా పెడతారు. ఒకసారి చదివి, ఎవరైనా ఆడుతున్న వీడియో ఒక పది నిమిషాలు చూస్తే చాలు. ఎలా గెలవాలో చెప్పే వ్యూహాలను మాత్రం ముందే బట్టీపట్టి వెళ్ళకండి. ఎదుటివారు ఏం చేస్తున్నారో చూసి ఆలోచించడంలోనే ఈ ఆటల ఆనందమంతా ఉంది. బల్ల దగ్గర నియమం అర్థం కాకపోతే వెంటనే అడగండి. మనలో చాలామందికి తరగతి గదిలోనే అలవాటైన ఒక మౌనం ఉంటుంది, తెలియకపోయినా తల ఊపడం. ఇక్కడ అది పనికిరాదు, ఎందుకంటే నియమం తెలియకుండా మీరు వేసిన ఎత్తును వెనక్కు తీసుకోవలసి వస్తే నలుగురి లెక్కలూ తారుమారవుతాయి.

మొదటి ఆటగా ఏది మంచిదని అడిగితే నేను టికెట్ టు రైడ్ పేరు చెబుతాను. ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఆడవచ్చు. మన వంతులో చెయ్యదగినవి మూడే: రైలు కార్డులు తీసుకోవడం, చేతిలోని కార్డులతో రెండు ఊళ్ళ మధ్య మార్గాన్ని సొంతం చేసుకోవడం, ఫలానా రెండు ఊళ్ళను కలపమని చెప్పే కొత్త టికెట్లు తీసుకోవడం. ఆలోచన ఎక్కడుందంటే మార్గాల విలువలో ఉంది. ఒక రైలు పెట్టె పట్టే మార్గానికి ఒక పాయింటే వస్తుంది, ఆరు పెట్టెలు పట్టే మార్గానికి పదిహేను వస్తాయి. అలాగని పొడవైన మార్గాల కోసం కార్డులు పోగేస్తూ కూర్చుంటే మీకు కావలసిన చిన్న మార్గాన్ని ఈలోగా ఇంకొకరు మూసేస్తారు. పూర్తిచెయ్యలేకపోయిన టికెట్టు మీద రాసి ఉన్న పాయింట్లు మీ మొత్తం నుంచి తీసేస్తారు కూడా. ఎప్పటిదాకా ఆగాలి, ఎప్పుడు వేసెయ్యాలి అన్న ఒక్క ప్రశ్న చుట్టూ ఆటంతా నడుస్తుంది, దాన్ని అర్థం చేసుకోవడానికి భాష మీద గొప్ప పట్టు అక్కరలేదు.

కటాన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొత్తవారికి అది నేర్పేది ఆట ఒక్కటే కాదు. క్లౌస్ టొయిబర్ రూపొందించిన ఈ ఆటలో పంతొమ్మిది ఆరుమూలల పలకలు కలిసి ఒక ద్వీపమవుతాయి. ఎడారి తప్ప ప్రతి పలకా కలప, ఇటుక, ఉన్ని, గోధుమ, ఖనిజం అనే ఐదింటిలో ఒకదాన్ని ఇస్తుంది. పలకల మీద అంకెల బిళ్ళలు ఉంచుతారు; పాచికల మీద ఏ అంకె పడితే ఆ పలకను ఆనుకుని ఇల్లున్నవారికి దాని కార్డు వస్తుంది. ఆ బిళ్ళలను దగ్గరగా చూడండి. అంకె కింద చిన్న చుక్కలుంటాయి. రెండు పాచికలు ముప్ఫై ఆరు రకాలుగా పడవచ్చు. అందులో ఆరు పడేవి ఐదు, ఎనిమిది పడేవి ఐదు, రెండు గానీ పన్నెండు గానీ పడేది ఒక్కొక్కటే. చుక్కల సంఖ్య చెప్పేది అదే. మూడు పలకలు కలిసే మూల మీద మొదటి ఇల్లు పెట్టేటప్పుడు ఆ మూడు బిళ్ళల చుక్కలు కూడండి. ఎనిమిది, ఐదు, పది కలిసే మూలైతే ఐదు, నాలుగు, మూడు, మొత్తం పన్నెండు చుక్కలు, అంటే చాలా మంచి చోటు. ఈ ఒక్క లెక్క తెలిస్తే మొదటిసారి ఆడేవారు కూడా వెనకబడిపోరు.

అసలు ఆట బేరంలో ఉంది. పాచికలు వేసినవారు తమ వంతులో మిగతా అందరితోనూ కార్డులు మార్చుకోవచ్చు. "నా దగ్గర గొర్రెలున్నాయి, ఎవరైనా ఇటుక ఇస్తారా?" అని ఒకరు అడుగుతారు (ఉన్ని కార్డునే గొర్రె అంటారు). ఇక్కడ మనవారు కొత్తలో రెండు రకాలుగా ప్రవర్తించడం చూస్తుంటాను: అడిగిందే తడవుగా ఇచ్చేస్తారు, లేదా తల అడ్డంగా ఊపి ఊరుకుంటారు. రెండూ చెయ్యకండి. "ఇటుక ఉంది, కానీ ఒక గొర్రెకు ఇవ్వను, గోధుమ కూడా కలిపితే ఇస్తాను" అనండి. బ్యాంకు దగ్గరికి వెళ్తే ఆయన ఒకే రకం కార్డులు నాలుగిచ్చి ఒకటి తెచ్చుకోవాలి కాబట్టి మీరు అడిగే రెండు ఆయనకు నష్టం కాదు. గెలవడానికి పది పాయింట్లు కావాలి. అడిగినవారు అప్పటికే ఎనిమిది మీద ఉంటే "మీరు గెలుపుకు దగ్గరలో ఉన్నారు, మీకివ్వను" అని మొహమాటం లేకుండా చెప్పండి. ఎవరూ నొచ్చుకోరు. కాదు అన్న మాటను నేరుగా చెప్పడం, ఎదుటివారు చెబితే మనసులో పెట్టుకోకపోవడం, ఈ రెండూ ఆఫీసులో నేర్చుకోవడానికి కొన్నేళ్ళు పడుతుంది. ఇక్కడ ఒక సాయంత్రంలోనే అలవాటు మొదలవుతుంది.

ఏడు పడినప్పుడు దొంగను జరపవలసి వస్తుంది. ఆ బొమ్మ ఎవరి పలక మీద కూర్చుంటే అక్కడ పంట ఆగిపోతుంది, ఆ పలకను ఆనుకుని ఇల్లున్న ఒకరి చేతిలోంచి మీరొక కార్డు తీసుకోవచ్చు. అప్పుడు ముందంజలో ఉన్నది మీ మేనేజరే అనుకోండి, దొంగను ఆయన పలక మీదే పెట్టండి. పెద్దవారనో పై అధికారి అనో వదిలేస్తే అది అందరికీ కనిపిస్తుంది, ఎక్కువ ఇబ్బందిపడేది ఆయనే. బల్ల దగ్గర హోదాలు ఉండవు, అందుకే ఆయన మిమ్మల్ని పిలిచారు. అలాగే మీ పలక మీదికి దొంగ వస్తే దాన్ని పగగా తీసుకోకండి. మీరు బాగా ఆడుతున్నారని చెప్పడానికి బల్ల దగ్గర ఉన్న పద్ధతి అదే.

ఒక విషయం మాత్రం గట్టిగా చెబుతాను. బల్ల దగ్గర మీతోపాటు ఇంకో తెలుగువారు ఉంటే, ఆట సాగినంతసేపూ తెలుగులో మాట్లాడుకోకండి. మామూలు విందులో అది కొంచెం మర్యాద తక్కువ అనిపిస్తుందేమో గానీ, చేతిలో కార్డులు దాచుకుని ఆడే ఆటలో మిగతావారికి అది కుమ్మక్కులా కనిపిస్తుంది. మీరు రేపటి వంట గురించి మాట్లాడుకున్నా వారికి తెలిసే వీలు లేదు. భార్యాభర్తలు కలిసి ఆడేటప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం. ఒకరికొకరు ఉచితంగా సాయం చేసుకుంటే మిగిలిన ఇద్దరు ఒక జట్టుతో పోరాడుతున్నట్టవుతుంది, మరోసారి పిలవడానికి వెనకాడతారు. ఆ మనిషి ఎవరో మీకు తెలియనట్టే ఆడండి.

అందరూ ఒకే పక్షాన ఆడే ఆటలూ ఉన్నాయి. మాట్ లీకాక్ రూపొందించగా 2008లో వచ్చిన పాండెమిక్‌లో నాలుగు వ్యాధులు నలభై ఎనిమిది నగరాల్లో వ్యాపిస్తుంటే, ఆటగాళ్ళు ఒక్కో వంతులో నాలుగు పనులు చేస్తూ, ఒకే రంగు కార్డులు ఐదు కూడబెట్టి మందు కనిపెడుతూ వాటిని ఆపాలి. గెలిస్తే అందరూ గెలుస్తారు, ఓడితే అందరూ ఓడతారు. పోటీ అంటే బెరుకున్నవారికి ఇది హాయిగా ఉంటుందని చాలామంది సలహా ఇస్తారు. నేను అంత సులభంగా ఒప్పుకోను. ఆట బాగా తెలిసినవారు ఒకరుంటే "నువ్వు అక్కడికి వెళ్ళు, నువ్వు ఆ కార్డు ఇవ్వు" అని నలుగురి ఆటా తామే ఆడేస్తారు, కొత్తవారు బొమ్మ జరిపే చెయ్యిగా మిగిలిపోతారు. అలా జరిగితే "ఒక్క నిమిషం ఆలోచించుకుని నేనే చెబుతాను" అనండి. ఆ మాట స్నేహంగా అంటే చాలు, ఎదుటివారు సర్దుకుంటారు.

కోడ్‌నేమ్స్ లాంటి మాటల ఆటలు వేరే కోవకు చెందుతాయి. ఇరవై ఐదు మాటలు పరచి, ఒకే ఒక్క మాటను ఆధారంగా ఇచ్చి తమ జట్టు చేత సరైనవాటిని చెప్పించాలి. అక్కడివారి నుడికారం, చిన్ననాటి కథలు, ప్రకటనల్లో వచ్చే పేర్లు తెలియకపోతే ఎంత తెలివైనవారికైనా కష్టమే. అందులో తడబడితే మీ తెలివిని గానీ భాషను గానీ తక్కువ చేసుకోకండి. ఇంగ్లీషు కాని భాష మాట్లాడే దేశంలో ఉన్నవారికైతే అజూల్, కార్కసోన్ బాగా సరిపోతాయి, వాటి పలకల మీద రాతలే ఉండవు. కార్కసోన్ మొదటిసారి ఆడేటప్పుడు పొలాల్లో రైతులుగా పడుకోబెట్టే బొమ్మల నియమాన్ని పక్కన పెట్టి ఆడదామని అడగండి. ఆ రైతుల పాయింట్ల లెక్కింపే కొత్తవారిని గందరగోళపెడుతుంది.

డిప్లొమసీ అనే ఆటకు ఎవరైనా పిలిస్తే మాత్రం కొన్నాళ్ళు ఆగండి. 1959 నాటి ఆ ఆటలో పాచికలు లేవు. ఏడుగురు ఏడు దేశాలుగా ఒకరితో ఒకరు మంతనాలాడి, ఆజ్ఞలు రహస్యంగా రాసి ఒకేసారి బయటపెడతారు, ఇచ్చిన మాట తప్పడం నియమాల ప్రకారమే చెల్లుతుంది. గొప్ప ఆట, అందులో సందేహం లేదు. కానీ మనిషి ఎలాంటివాడో ఇంకా తెలియనప్పుడు నమ్మి మోసపోవడం, నమ్మించి మోసం చెయ్యడం రెండూ మనసులో ముల్లులా మిగిలిపోతాయి. స్నేహం ముదిరాక ఆడవలసిన ఆట అది.

ఓడిపోవడం ఖాయమని తెలిశాక ఏం చెయ్యాలన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. మధ్యలో లేచిపోకూడదు, ఇది నిస్సందేహం. మీ స్థానం ఖాళీ అయితే మిగిలినవారి ఆట అర్థం లేనిదవుతుంది. ఎలాగూ గెలవను కదా అని ఉన్న కార్డులన్నీ ఒకరికి కట్టబెట్టి వారిని గెలిపించడం ఇంకా అన్యాయం, ఎందుకంటే రెండు గంటలు కష్టపడి ఆడిన మూడోవారి గెలుపును మీరు దానం చేసినట్టవుతుంది. నాలుగో స్థానం నుంచి మూడో స్థానానికి ఎలా రావాలో ఆలోచిస్తూ ఆడడం ఒక్కటే న్యాయమని నా నమ్మకం. అలా ఆడేవారిని జట్లన్నీ కోరి పిలుస్తాయి.

ఇతరుల వంతులో ఫోను చూడకుండా మీ ఎత్తును ముందే ఆలోచించి ఉంచుకోండి, పొరపాటును సరిదిద్దుకోవాలంటే కొత్త కార్డు తెరవక ముందే అడగండి, పానీయాల గ్లాసును బల్లకు దూరంగా పెట్టండి.

నాలుగైదు సార్లు వెళ్ళాక మీరే పిలవండి. కటాన్ మూల పెట్టెతో నలుగురి కన్నా ఎక్కువమంది ఆడలేరు. ఐదుగురు వస్తున్నారంటే వేరే ఆట ఎంచుకోవాలి. పెట్టె మీద రాసిన సమయం ఆట తెలిసినవారికి పట్టేది కాబట్టి నేర్పేటప్పుడు దానికి ఇంకో అరగంటైనా కలుపుకోండి. ఆట కొనడానికి తొందరపడనక్కరలేదు. పుస్తకాలతోపాటు ఆటలను కూడా అరువిచ్చే గ్రంథాలయాలు ఉన్నాయి, మీ దగ్గరి గ్రంథాలయంలో అడిగి చూడండి. నేర్పేటప్పుడు ముందుగా ఏం చేస్తే గెలుస్తామో చెప్పండి, తరువాత ఒక వంతులో ఏమేం చెయ్యవచ్చో ముక్కలు చేతితో జరిపి చూపించండి, మినహాయింపులను అవి ఎదురైనప్పుడు చెప్పవచ్చు. వచ్చినవారిలో మీలాగే కొత్తగా దిగినవారు ఒకరు ఉండేలా చూసుకోండి, వారిని నియమాలు ఓపికగా చెప్పగలిగినవారి పక్కన కూర్చోబెట్టండి.