మైఖేలాంజెలో పెయింటరా, శిల్పా, ఆర్కిటెక్టా?

మూడూనండి, కానీ ఆయన లెక్కలో మాత్రం తను శిల్పే, ఉత్తరాల కింద కూడా శిల్పి మైఖేలాంజెలో అని సంతకం పెట్టేవాడు. ఫ్లోరెన్స్‌లో ఉన్న డేవిడ్ విగ్రహం 1501-04 మధ్య చెక్కింది, ఐదు మీటర్ల పైనే ఎత్తు, అదేమీ కొత్త రాయి కూడా కాదు, అంతకుముందు వేరేవాళ్లు మొదలెట్టి మధ్యలో వదిలేస్తే ఏళ్ల తరబడి ఎండకీ వానకీ పడున్న పాలరాయి. కుడిచెయ్యి గమనించండి, ఒంటికి మించిన సైజులో, నరాలు ఉబ్బి ఉంటుంది.

ఇక రోమ్‌లో సిస్టీన్ చాపెల్ అనే పోప్ ప్రార్థనామందిరం పైకప్పు మీది బొమ్మలు, 1508-12. పడుకుని వేశాడని చాలామంది అంటారు గానీ అది తప్పు, పరంజా మీద నిలబడి మెడ వెనక్కి వాల్చి వేశాడు, తడి సున్నం ఆరేలోపు రంగు పడిపోవాలి మరి, ఆ రంగేమో కారి మొహమంతా పడేదట, ఆ తిప్పలన్నీ ఫ్రెండ్‌కి పద్యంగా రాసి పక్కనే తన బొమ్మ కూడా గీసుకున్నాడు పాపం!

ఆర్కిటెక్ట్‌గా అంటే సెయింట్ పీటర్స్ చర్చి గుమ్మటం. 70 దాటాక ఆ పని నెత్తినేసుకున్నాడు, 1564లో పోయాడు, గుమ్మటాన్ని జాకొమో డెల్లా పోర్తా అనే ఇంకో ఆర్కిటెక్ట్ 1590లో పూర్తిచేశాడు.