కోతికి పంచె కట్టకు

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చి మధ్యలోనే పక్కన పడేశాను. మర్నాడు కాఫీ తాగుతూ మళ్లీ తీశాను. కోపం కాస్త తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఉగాండా రాజధాని కంపాలాలో చెత్తకుండీ పక్కన నిలబడ్డ మారబూ కొంగని చూసి "నల్లకోటు వేసుకున్న ముసలి వకీలు" అన్నావు. ఆ పక్షిని చూసిన ప్రతివాళ్లూ అదే అంటారు, ఒకప్పుడు నేనూ అన్నాను. ఛాతీదాకా వచ్చే ఎత్తు, బట్టతల, వంగిన భుజాలు, ఇంకేమంటాం? కానీ నువ్వు అక్కడితో ఊరుకోలేదు. దానికి నోరిచ్చావు. "ఏం బ్రదర్, ఇండియా నుంచా?" అని పలకరించింది. ఆపైన రెండు పేజీలు వీసాల గురించీ రూపాయి విలువ గురించీ మాట్లాడింది. ఆఖర్న "దాని కళ్లలో మానవత్వం కనిపించింది" అని ముగించావు. కొంగ కళ్లలో మానవత్వం దేనికి నాయనా? దాని చూపంతా ఆ కుండీలో ఉన్న కోడిపేగుల మీద ఉంటుంది.

ఇంకోటి. గొంతు కింద వేలాడే సంచిలో అది చేపలు దాచుకుందని రాశావు. సంచితో చేపలు పట్టేది గూడబాతు. దీని సంచిలో ఉండేది గాలి. కాళ్లకి "తెల్ల మేజోళ్లు" అన్నావు. ఆ కాళ్లు నిజానికి నల్లవి. ఎండ తట్టుకోలేక అది తన కాళ్ల మీద తనే రెట్ట వేసుకుంటుంది. తడికి చల్లగా ఉంటుంది, ఆరాక సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. అంటే నీ వకీలుగారు కోటంతా వేసుకుని, కోర్టు మెట్ల దగ్గర నిలబడి, ఇక చెప్పక్కర్లేదనుకుంటాను. ఇంత సరుకు కళ్లెదురుగా పెట్టుకుని వీసా జోకులు వేస్తావా? అక్కడివాళ్లు దాన్ని కలోలి అంటారు. ఆ పేరు నీ కథలో ఒక్కచోట కూడా లేదు. "వింత పక్షి" మాత్రం పదకొండుసార్లు ఉంది. లెక్కపెట్టాను.

నాకీ విషయంలో పట్టుదల ఎక్కువని మావారు అనేవారు. ఉండనీ. జంతువు జోకులు వేయదు, తన పని తను చేసుకుపోతుంది. పక్కన నిలబడి తెల్లమొహం వేసేది మనం. కథంతా ఆ తెల్లమొహంలో ఉంటుంది.

1993లో మేమూ ఉగాండాలోనే ఎంటెబ్బే అనే ఊరు వెళ్లాం, ఆరేళ్లున్నాం. మావారు లెక్కల మాస్టారు. మా ఇల్లు బొటానికల్ గార్డెన్స్‌కి దగ్గర, ఆ తోటకి ఇప్పుడు నూటపాతికేళ్లు దాటాయి. అందులోంచి వెర్వెట్ కోతులు మా పెరట్లోకి వచ్చేవి. నల్లమొహం, చుట్టూ తెల్లజూలు. మగవాటికి వృషణాలు నీలం రంగు. అంత చక్కటి నీలం నేను ఏ పట్టుచీర అంచులోనూ చూడలేదు.

ఒకసారి చల్లమిరపకాయలు పెట్టాను. రెండు కుర్చీల మీద రేకు, రేకు మీద మావారి పాత పంచె, పంచె మీద మిరపకాయలు. కోతి వచ్చింది. నేను కిటికీ వెనక నిలబడి, కేకెయ్యకుండా చూస్తున్నాను. ఒక కాయ తీసింది, వాసన చూసింది, ఎక్కడ తీసిందో అక్కడే పెట్టింది. ఇంకోటి తీసింది, అదీ అంతే. కొరుకు, ఒక్కటి కొరుకు, అప్పుడు తెలుస్తుంది నీకు గుంటూరు అంటే ఏమిటో, అని లోపల్లోపల గంతులేస్తున్నాను. కొరకలేదు. బజార్లో వంకాయలు ఏరే మనిషిలా పది పన్నెండు కాయలు చూసి, ఏదీ నచ్చక, పంచె కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. నెల్లాళ్ల సరిపడా మిరపకాయలు మట్టిలో, పంచె పనసచెట్టు చిటారుకొమ్మన. వారం రోజులు అక్కడే ఎగిరింది. ఆ దారిన బడికి వెళ్లే పిల్లలు మాస్టారికి గుడ్ మార్నింగ్ చెప్పి, చెట్టుకేసి చూసి ఇంకో గుడ్ మార్నింగ్ చెప్పేవాళ్లు.

ఇది కథగా రాసి దీపావళి సంచికకి పంపాను. సంచిక చేరేసరికి సంక్రాంతి దాటింది. విప్పి చూస్తే కథలో కోతి పంచె కట్టుకుని, కళ్లజోడు పెట్టుకుని పిల్లలకి ఎక్కాలు చెబుతోంది! హాస్యం సరిపోలేదని సంపాదకులవారు "చిన్న మార్పు" చేశారట. బొమ్మలో కండువా కూడా వేయించారు. ఆ నీలం రంగు వాక్యం మాత్రం ఎగిరిపోయింది, సంసారులు చదివే పత్రిక కదా. పంచె అందుకే కట్టించారేమోనని నాకు ఇప్పటికీ అనుమానం. ముప్ఫై ఏళ్లయింది. ఆయన ఎక్కడైనా సభలో కనబడితే నమస్కారం పెడతాను కానీ మనసులో మాత్రం పెట్టను.

నువ్వు చేసింది కూడా అదే. నీ కొంగకి నువ్వే పంచె కట్టావు.

నవంబరులో అక్కడ మిడతలు వస్తాయి కదా, వాళ్ల మాటలో న్సెనెనె. రాత్రిళ్లు పెద్ద బల్బులు వెలిగించి, ఏటవాలుగా రేకులు నిలబెట్టి, కింద డ్రమ్ములు పెడతారు. వెలుగుకి వచ్చిన మిడతలు రేకుకి తగిలి జర్రున జారి డ్రమ్ములో పడతాయి. రెక్కలూ కాళ్లూ తీసేసి, ఉల్లిపాయలు వేసి వేయిస్తారు. పక్కింటావిడ ఒక గిన్నెనిండా తెచ్చిచ్చింది. నాకు టెన్షన్. పారేయలేను, తినలేను. మావారు ఒకటి నోట్లో వేసుకుని "వేపుడు శనగల్లా ఉన్నాయి" అని గిన్నె ఖాళీ చేశారు. మరి ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదుగా, జంతికలు పోసి పంపాను. ఆ ఇంటి పిల్లలు ఒక జంతిక తీసి, అటు తిప్పి ఇటు తిప్పి, దీని తల ఎటుందని వాళ్లమ్మని అడిగారట. ఇది రాయి అని చాలామంది చెప్పారు. రాయలేదు. కావాలంటే నువ్వు తీసుకో.

అన్నట్టు నీ కథలో ఒక చోట ఆగిపోయాను. మూడో పేజీ. "ఆదివారం. గుడ్డు చుట్టిన చపాతీ కొనుక్కుని మెట్ల మీద కూర్చున్నాను. నేను తినడం అయ్యేదాకా అది నిలబడింది. నేను తింటుంటే ఎవరైనా దగ్గర నిలబడి నాలుగు నెలలైంది." ఇది నువ్వు రాసిందే కదా? ఇక్కడ నా కాఫీ చల్లారిపోయింది. వెంటనే నీకు సిగ్గేసినట్టుంది, తర్వాతి వాక్యంలోనే కొంగ చేత జోకు వేయించావు. ఆ జోకు కొట్టెయ్. ఆ తర్వాత పేజీన్నర కూడా కొట్టెయ్. అమ్మ చేతి ఆవకాయ, విమానాశ్రయంలో కన్నీళ్లు ఉన్నాయే, అవి తప్పకుండా కొట్టెయ్. విదేశం కథ అంటే చాలు, ఆ జాడీ పట్టుకొచ్చేస్తారు అందరూ. సంకలనాలు వేసేవాళ్లు దానికి ఏదో పెద్ద పేరు కూడా పెట్టారు.

కలం పేరు గురించి అడిగావు, పుస్తకం వేయాలా అని అడిగావు. ముందు ఒక ఆదివారం పొద్దున్నే ఆ మెట్ల దగ్గరికి వెళ్లు. కాగితం తీసుకెళ్లకు, చపాతీ తీసుకెళ్లు. అది ఎప్పుడు ఒంటికాలి మీద నిలబడుతుందో, ముక్కు ఎక్కడ ఆనించుకుంటుందో, నువ్వు లేస్తే ఎన్నడుగులు వెనక్కి వేస్తుందో చూడు. అప్పుడు మళ్లీ రాసి పంపు. నన్ను మేడమ్ అనకు, పిన్నీ అను చాలు.

ఎప్పుడైనా ఎంటెబ్బే వెళితే ఆ తోట దగ్గర పనసచెట్టు ఏదైనా ఉందేమో చూడు. వారం తర్వాత గాలికి పంచెలో సగం చిరిగి కిందపడింది. మిగతా సగం మేం తిరిగి వచ్చేసే రోజుక్కూడా పైనే ఉంది. ఆకుపచ్చ అంచు.

ఆశీస్సులతో,
పిన్ని