పండగ దాకా ఆగొద్దు

చిట్టితల్లీ,

పదేళ్ళ తర్వాత మళ్ళీ చర్చిలో పూజకు వెళ్తున్నావని, విజయవాడ గుణదల మేరీమాత పండక్కి అందరితో కలిసి పూజలో ఇచ్చే అప్పం, ఆ దివ్యసత్ప్రసాదం తీసుకుంటానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెబుతూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

హాస్టల్లో ఉన్నప్పుడు వేరే సంఘంలో నీళ్ళలో మునిగావు కదా, మన గుళ్ళో మళ్ళీ జ్ఞానస్నానం ఇస్తారా అని అడిగావట. ఇవ్వరు. పసిబిడ్డగా తీసుకున్నదే చాలు, అది చెరిగిపోదు. ఆ సంగతి మాత్రం సత్ప్రసాదానికి ముందు ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో చెప్పు. సత్ప్రసాదానికి గంట ముందు నుంచి ఏమీ తినకు, మంచినీళ్ళు తాగొచ్చు. అప్పుడు పశ్చాత్తాపంతో చెప్పే మనస్తాప జపం మర్చిపోయి ఉంటే చీటీ మీద రాసుకెళ్ళు, ఎవరూ ఏమీ అనరు.

నా భయం వేరు. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల ఎలా ఉంటుందో నీకు తెలుసు. కొబ్బరికాయలు, తలనీలాలు, కొండ మెట్ల నిండా జనం. మనవాళ్ళే ముప్పై మంది ఉంటారు. ఆ హడావుడిలో పాపసంకీర్తనం లైన్ చూసి "తర్వాత చూద్దాంలే" అనుకుంటావేమో, మీ అమ్మ మొహం చూసి అందరితో పాటు లేచి వెళ్ళిపోతావేమో అని. నేను అదే చేశాను. మీ అమ్మకు కూడా తెలియదు.

ఒక ఫాదర్‌తో మాటా మాటా వచ్చి నేను తొమ్మిదేళ్ళు గుడి మెట్లెక్కలేదు. అమ్మమ్మ ప్రతి ఆదివారం మా ఇంటి ముందు ఆగి, తల మీద కొంగు కప్పుకుని, "వస్తావా?" అని ఒక్కమాట అడిగేది. నేను అంట్లు తోముకుంటూ తలెత్తేదాన్ని కాదు. 1996లో అమ్మమ్మ పోయింది.

భూస్థాపనకు ముందు పూజలో మొదటి బల్లలో కూర్చున్నాను. పెట్టెలో అమ్మమ్మ చేతులకు నల్ల చెక్క జపమాల చుట్టి ఉంది. సత్ప్రసాదం వేళ అందరూ లేచారు. కన్నకూతురు కూర్చుండిపోతే ఊరేమనుకుంటుందోనని నేనూ లేచాను. పాపసంకీర్తనం లేదు, సిద్ధపాటు లేదు. నోరు ఎండిపోయి సత్ప్రసాదం అంగిలికి అతుక్కుపోయింది. ఇంటికొచ్చి ఎన్ని నీళ్ళు తాగినా అక్కడే ఉన్నట్టుండేది.

ఆ తర్వాత మూడేళ్ళు ప్రతి ఆదివారం పూజకు వెళ్ళాను. తల్లి చావుతో మారిందని అందరూ మెచ్చుకున్నారు. ప్రతిసారీ లైన్‌లో నిలబడ్డాను. ఒకసారి నిలబడ్డాక మానడం మరీ కష్టమమ్మా. మా విచారణ గురువులు, అంటే మా గుడి ఫాదర్, తాతయ్యకు బాగా తెలిసినవారు, ఆయనకెలా చెప్పను? పాపసంకీర్తనంలో విన్నది గురువు ప్రాణం పోయినా బయటపెట్టకూడదని జ్ఞానోపదేశంలో నేర్చుకున్నదాన్నే. అయినా ధైర్యం చాలలేదు.

చివరికి పండగ కాని రోజు, ఒక మంగళవారం, ఒక్కదాన్నే గుణదల వెళ్ళాను. ముసలి ఫాదర్, నన్నెరుగరు. మొత్తం చెప్పాను. తిడతారనుకున్నాను. "మీ అమ్మ కోసం పది పూసలు జపించు" అన్నారు. "అంతేనా ఫాదర్?" అన్నాను. "అంతేనమ్మా" అన్నారు. బయట కుళాయి దగ్గర దోసిలి పట్టి నీళ్ళు తాగాను. గొంతు దిగాయి.

నీకు పండగ దాకా ఎందుకే? ఈ శనివారమే వెళ్ళు. మీ పేటలో గుడికి వెళ్ళడం మొహమాటమైతే హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కథీడ్రల్ ఉంది, ముందు ఫోన్ చేసి వేళ కనుక్కో. "పదేళ్ళయింది ఫాదర్, ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు" అంటే చాలు, మిగతాది ఆయనే అడుగుతారు. గుర్తున్నవన్నీ చెప్పు, ఏదీ దాచకు.

ఒకవేళ ఈలోగా కుదరకపోతే టెన్షన్ పడకు. పండగ రోజు సత్ప్రసాదం వేళ బల్ల మీదే కూర్చో. మీ అమ్మ చూసినా, మావయ్యలు చూసినా లేవకు. నేను నీ పక్కనే కూర్చుంటాను. ఆ పూట నేనూ లేవను.

మీ పెద్దమ్మ