ఉరిశిక్ష రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు ఎప్పుడైనా చెప్పిందా?
మొత్తంగా ఉరిశిక్షను కొట్టేయలేదు. కానీ ఉరిని తప్పనిసరి చేసిన సెక్షన్లను కొట్టేసిన సందర్భాలున్నాయి.

1980లో బచన్ సింగ్ కేసులో అయిదుగురు జడ్జీల్లో నలుగురు ఉరిశిక్ష చెల్లుతుందన్నారు. చట్టం నిర్దేశించిన పద్ధతిలో ప్రాణం తీయడానికి, జీవించే హక్కునిచ్చే రాజ్యాంగ 21వ అధికరణమే వీలిస్తోందన్నది వాళ్ల తర్కం. అయితే హత్యకు యావజ్జీవమే మామూలు శిక్ష, ఉరి 'అత్యంత అరుదైన' కేసుల్లోనే అని గిరిగీశారు. జస్టిస్ భగవతి ఒక్కరే విభేదించారు. ఎవరికి ఉరి పడుతుందన్నది బెంచిలో ఎవరు కూర్చున్నారన్నదాన్ని బట్టి మారిపోతోందన్నారు. నా దృష్టిలో ఆ అభ్యంతరానికి ఇప్పటికీ సరైన జవాబు రాలేదు.

ఇక అలా కొట్టేసిన సెక్షన్లలో ఒకటి అప్పటి ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 303. యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్నవాడు హత్య చేస్తే దాని కింద ఉరి తప్ప వేరే శిక్షే ఉండేది కాదు. నేర పరిస్థితులను తూచే వీలు జడ్జికి లేకుండా చేయడం 14 (సమానత్వ హక్కు), 21 అధికరణాలకు విరుద్ధమని 1983లో మిఠూ కేసులో తేల్చారు. ఆ బెంచిలో మన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి కూడా ఉన్నారు. ఏకీభవిస్తూనే విడిగా తీర్పు రాశారు.

క్షమాభిక్ష పిటిషన్‌ను అకారణంగా ఏళ్ల తరబడి నానబెడితే ఉరిని యావజ్జీవంగా మార్చవచ్చని 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో చెప్పారు.