బొమ్మలో గింజ కూడా ఉండాలి

ప్రశ్న: సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ కాలపు వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ దొర గీయించిన మొక్కల బొమ్మల తరహాలో మా చేలగట్టు మీది నేల ఉసిరిని గీస్తున్నానండి. కోసి తెచ్చిన కాసేపటికే ఆకులు ముడుచుకుపోతున్నాయి. గీసినంత వరకు చూసినవాళ్లేమో అది ఎర్ర ఉసిరిక అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కొత్తపేట

జవాబు: కోయకండి. పొద్దున్నే వేళ్లు తెగకుండా మట్టిగడ్డతో పెళ్లగించి, తడి గోనెగుడ్డ చుట్టి తెచ్చి కిటికీ దగ్గర పెట్టుకోండి. పొద్దు వాలితే వేరుతో ఉన్నా ఆకులు ముడుస్తుంది, అది దాని స్వభావం. అందుకే రెమ్మల వంపు, ఆకుల కొలతలు ముందు తీసుకోవాలి. డివైడర్‌తో కొలిచి, ఉన్నది ఉన్నంత సైజులో గీయండి. ఆకుపచ్చ ఏ పాళ్లలో కలిపారో విడి కాగితం మీద పూసి ఉంచుకుంటే, రంగులు మర్నాడైనా వేయొచ్చు.

పోలిక తప్పడానికి కారణం, మీరు రెమ్మను పైనుంచే గీయడం కావచ్చు. పూలు, కాయలు ఉండేది ఆకుల కింద. ఒక రెమ్మను తిరగేసి గీయండి. నేల ఉసిరి కాయ నున్నగా, సన్నని కాడతో వేలాడుతుంది. ఎర్ర ఉసిరిక కాయ గరుకుగా, కాడ లేనట్టే రెమ్మకు అంటుకుని ఉంటుంది. ఇంకా అనుమానముంటే ఎండిన కాయ చిదిపి, పది రెట్ల భూతద్దంలో గింజ చూడండి. నేల ఉసిరికి గీతలు నిలువుగా, ఎర్ర ఉసిరికకు అడ్డంగా ఉంటాయి. కాయ, గింజ కాగితం అడుగున పెద్దవిగా గీసి, ఎన్ని రెట్లో రాయండి. 1795 నుంచి లండన్‌లో అచ్చయిన రాక్స్‌బర్గ్ 300 పటాల్లోనూ పువ్వు, కాయ భాగాలను విడదీసి చూపడం కనిపిస్తుంది. వాటిని గీసిన మన చిత్రకారుల పేర్లు మాత్రం మరుగునపడ్డాయి. మీ బొమ్మ మీద ఊరు, తేదీతోపాటు మీ పేరు తప్పకుండా రాయండి.

పచ్చకామెర్లకు నేల ఉసిరే మందని నూరి తాగేముందు రక్తపరీక్ష చేయించాలి. పిత్తనాళంలో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లు ఏ ఆకు పసరుకీ తగ్గవు, రోజులు గడిచేకొద్దీ ముదురుతాయి.

ప్రశ్న: చలిజ్వరానికి సోమిద చెట్టు బెరడు పనికొస్తుందని రాక్స్‌బర్గ్ దొరే రాశారట. కషాయం కాచుకోవచ్చా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: వద్దండి. మలేరియా మందు క్వినైన్ ఉండే సింకోనా బెరడు దొరకడం కష్టమైన ఆ రోజుల్లో దానికి బదులుగా సూచించారు. సోమిదలో క్వినైన్ లేదు, మలేరియా క్రిమి దానికి చావదు. మన తెలుగు పేరే ‘సోయ్‌మిడా’ అన్న శాస్త్రీయ నామమైందన్నది మాత్రం నిజం. జ్వరం చలితో వస్తే అదే రోజు రక్తపరీక్షకు వెళ్లండి.