చిన్న రియాక్టర్లను నమ్ముకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతోంది. పీజీలో న్యూక్లియర్ తీసుకుని చిన్న మాడ్యులర్ రియాక్టర్ల (ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి బిగించే చిన్న అణు రియాక్టర్ల) రంగంలోకే వెళ్తానంటోంది. రేడియేషన్ అంటేనే మాకు టెన్షన్. పైగా ఆ ఉద్యోగాలు నిలబడతాయా?

జవాబు: మీ రెండో అనుమానానికే నేను ఎక్కువ విలువిస్తాను. ముందు మొదటిది చూద్దాం.

రియాక్టర్‌ను ఆపేసినా ఇంధనం వెంటనే చల్లబడదు. ఆపిన క్షణంలో కూడా మామూలు వేడిలో 6, 7 శాతం పుడుతూనే ఉంటుంది. 2011లో ఫుకుషిమాలో నడుస్తున్న రియాక్టర్లు భూకంపం రాగానే ఆగాయి. సునామీ వల్ల కరెంటు పోయి, ఆ మిగులు వేడిని తీసే ఏర్పాట్లు ఆగిపోవడంతో ఇంధనం కరిగి, రేడియేషన్ బయటికి పొక్కింది. చిన్న రియాక్టర్‌లో ఈ వేడి తక్కువ. వేడి నీరు పైకి, చల్ల నీరు కిందికి తనంతట తాను కదిలే ప్రవాహంతో, పంపు లేకుండానే చల్లార్చేలా చాలా డిజైన్లు గీశారు. అది నిజంగా జరుగుతుందని లెక్కగట్టి, ప్రయోగం చేసి, నియంత్రణ సంస్థను ఒప్పించాల్సింది ఇంజనీర్లే. మీ అమ్మాయికి పని దొరికేది అక్కడే. వ్యర్థాల సమస్య మాత్రం సైజు తగ్గించినంత మాత్రాన తీరదు.

ఇక అసలు రిస్కు డబ్బు. 300 మెగావాట్ల లోపు యూనిట్లను ఫ్యాక్టరీలో వరసగా తయారుచేస్తే చవకవుతాయంటారు. వరసగా చేయాలంటే ఆర్డర్లు కావాలి, ఆర్డర్లు రావాలంటే ధర తగ్గాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు! నూస్కేల్ అనే అమెరికా కంపెనీ చిన్న రియాక్టర్ డిజైన్‌కు 2023 జనవరిలో అక్కడ ఆమోదం దక్కింది. దాని కరెంటు ధర అంచనా మెగావాట్ అవర్‌కు (అంటే వెయ్యి యూనిట్లకు) 58 డాలర్ల నుంచి 89కి పెరిగింది. ఆ నవంబరులోనే ఆ కంపెనీ తొలి ప్రాజెక్టు రద్దయింది. అలాగని అంతా కాగితాల మీదే లేదు. రష్యాలో చిన్న రియాక్టర్లతో నీటిపై తేలే అణు విద్యుత్ కేంద్రం 2020 నుంచి నడుస్తోంది. కెనడాలోని డార్లింగ్టన్‌లో చిన్న రియాక్టర్‌కు 2025లో నిర్మాణ అనుమతి వచ్చింది.

అందుకే ఒక్క డిజైన్‌ను నమ్ముకోవద్దని చెప్పండి. ఉష్ణ ప్రసరణ, ద్రవ ప్రవాహం, మెటీరియల్స్, వెల్డింగ్ తనిఖీ బాగా నేర్చుకుంటే పెద్ద రియాక్టర్లలోనూ, పాతవాటిని విప్పే పనుల్లోనూ చోటుంటుంది. కాలేజీ ప్రాజెక్టుగా పంపు లేని నీటి లూప్ ఒకటి కట్టమనండి. కింద హీటరు, పైన కూలరు, నాలుగు చోట్ల థర్మోకపుల్స్ (వేడిని కొలిచే తీగలు) చాలు. లెక్కలో వచ్చిన ప్రవాహానికీ కొలిచినదానికీ తేడా ఎందుకొచ్చిందో వెతకడం తనకు విసుగనిపిస్తే, పీజీకి అప్లై చేసేముందే తెలిసిపోతుంది.