శ్రీకాకుళం మత్స్యకారులు సొంత సముద్రాన్ని వదిలి గుజరాత్‌కు ఎందుకు వలస వెళుతున్నారు?

సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లా నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వీరావల్ రేవు దాకా ఎందుకు వెళుతున్నారన్నది ప్రశ్న. సముద్రం ఇంటి ముందే ఉండటం వేరు, దాని నుంచి బతుకుతెరువు పొందగలగడం వేరు.

తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ పడవలకే కేటాయించినా, మర పడవలు ఆ హద్దు దాటి వచ్చినప్పుడు తెప్పల మీద వేటాడేవారికి చేపా దక్కదు, వలా మిగలదు. పెద్ద పడవలు నిలిపేందుకు హార్బర్ లేనందున లోతు నీటికి వెళ్లే దారీ ఇక్కడ ఇరుకే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే 61 రోజుల వేట నిషేధానికి ఇచ్చే భృతిని 2025లో ఇరవై వేలకు పెంచడం మేలే, కానీ అది ఆ రెండు నెలలకే ఊరట.

అందుకే సొంత పడవ యజమాని కాగలిగినవాడు గుజరాత్ పడవల మీద కూలీ అవుతాడు. 2018లో ఆ పడవలపై ఉండగా పాకిస్తాన్‌కు చిక్కిన మన జాలర్లలో ఇరవై మంది 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. అన్నాళ్లూ పిల్లల చదువు, అప్పు, వృద్ధుల వైద్యం ఇక్కడి ఆడవాళ్లే మోశారు. క్షేమాన్ని కొలిచేటప్పుడు నా దృష్టిలో ముందు లెక్కించవలసింది ఆ భారాన్నే.